తిట్టినా కీర్తనేనా?

ప్రశ్న: కీర్తన, స్తుతి, స్తోత్రం. మూడింటికీ నిఘంటువులో పొగడ్త అనే అర్థమే కనిపిస్తోంది. కానీ రామదాసు "ఎవడబ్బ సొమ్మని" అంటూ రాముణ్ణి నిలదీసిన పాటనూ కీర్తన అనే పిలుస్తున్నాం. అందులో పొగడ్త ఎక్కడుందండీ?

జవాబు: దాన్ని నిందాస్తుతి అంటారు. పైకి నింద, లోపల స్తుతి.

ప్రశ్న వేసినవారు: పేరు పెట్టినంత మాత్రాన సందేహం తీరదు కదండీ. సీతమ్మకు చింతాకు పతకం చేయించాను, ఇంత పట్టింది అని ఆయన లెక్క అప్పజెబుతున్నాడు. లోపల దాగిన పొగడ్త ఏదీ నాకు కనిపించలేదు.

మరో జవాబు: మీ అభ్యంతరం సరైనదే. శివుణ్ణి బిచ్చగాడా, శ్మశానవాసీ అని తిడితే ఆ తిట్టులోనే ఆయన వైరాగ్యం పలుకుతుంది. అది అసలైన నిందాస్తుతి. రామదాసుది నిజమైన కోపం, గోల్కొండ చెరలో పాడాడని చెప్పుకొనే పాట. దాన్ని బలవంతాన పొగడ్తగా మార్చనక్కరలేదు.

చిక్కంతా కీర్తన అనే మాట అర్థంలో ఉంది. ఆ మాట పుట్టిన ధాతువుకు, సంస్కృత క్రియామూలాల పట్టిక అయిన ధాతుపాఠంలో "కౄత సంశబ్దనే" అని అర్థం కనిపిస్తుంది. సంశబ్దనం అంటే బయటికి పలకడం, పేరెత్తి చెప్పడం. పొగడడం అనే అర్థం ఆ మీదట చేరింది. భాగవతం చెప్పే తొమ్మిది భక్తి మార్గాల్లో శ్రవణం పక్కనే కీర్తనం ఉంటుంది: ఒకరు చెబితేనే కదా మరొకరు వినేది! ఇప్పుడు ఆ పాటను మళ్లీ చూడండి. ఎవరికి ఏ నగ చేయించిందీ, దానికి ఎంత అయిందీ వరుసగా చెబుతూ, మాటిమాటికీ "రామచంద్రా" అని పేరు పెట్టి పిలుస్తాడు. ధాతువు అడిగినదంతా అందులో ఉంది.

స్తోత్రం దారి వేరు. "స్తు" అంటే పొగడడమే. శ్రుతి వినడమైతే శ్రోత్రం వినే చెవి. అలాగే స్తుతి పొగడడమైతే స్తోత్రం అందుకు సాధనమైన పాఠం. ఇక సూక్తం (సు + ఉక్తం) బాగా చెప్పిన మాట, అంతే. ఋగ్వేదంలోని 1028 సూక్తాల్లో జూదరి గోడు ఒకటి ఉంది, సృష్టి ఎలా పుట్టిందో ఎవరికి తెలుసునని అడిగే నాసదీయమూ ఉంది. అవి ఏ దేవుణ్ణి పొగిడాయి?

ఇంకొకరు: మేము చర్చిలో పాడేవాళ్లం, మాకూ ఇదే ప్రశ్న ఉంది. బైబిలులోని 150 కీర్తనలకు హీబ్రూలో తెహిల్లీమ్ అని పేరు, అంటే స్తుతులు. కానీ 13వది "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. 22వదానిలో "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?" అనే కేక. 4, 5 శతాబ్దాల నాటి క్రైస్తవ పండితుడు అగస్టీను స్తుతిగీతం (hymn) అనిపించుకోవడానికి మూడు షరతులు పెట్టాడు: స్తుతి ఉండాలి, అది దేవుడిదై ఉండాలి, పాడాలి. ఆ లెక్కన ఇలాంటి ఫిర్యాదులు చాలావరకు బయటికి పోతాయి. తెలుగు అనువాదకులు ఏమనుకుని ఎంచుకున్నారో కానీ, ఆ గ్రంథానికి స్తోత్రాలు అనేకంటే కీర్తనలు అనే మాటే బాగా అతికింది. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) రోజుల నుంచి మా పాటలకూ అదే పేరు. పుస్తకం తెరిస్తే పాట మీద రాగమూ తాళమూ, చరణం చివర రెండు నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట ఉంటాయి. అన్నమయ్య సంకీర్తన అచ్చువేసినట్టే.

ప్రశ్న వేసినవారు: చాలా సంతోషమండీ. ఇప్పుడు ఇంకో సంగతి తట్టింది. మా అమ్మమ్మ ఎవరినైనా కడిగేస్తే "అష్టోత్తరం చదివింది" అనేవాళ్లం, తిట్లు ఎక్కువైతే సహస్రనామార్చన. ఎవరైనా పై అధికారిని పొగిడితే మాత్రం "స్తోత్రపాఠాలు చదువుతున్నాడు" అని వెక్కిరించేవాళ్లం.