అనంతపురం నుంచి స్పితి: సొంత బండిలోనా, చండీగఢ్‌లో అద్దెకు తీసుకోవాలా?

ధర్మవరం_జరీ:

అందరికీ నమస్తే. మేం ఐదుగురం కాలేజీ నాటి స్నేహితులం. హిమాచల్‌లోని స్పితి లోయకు పోదామని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాం, ఈసారి సెప్టెంబర్‌లో ఎట్లాగో అందరి సెలవులూ ఒకచోట కుదిరాయి, అటూ ఇటూ ఆదివారాలు కలుపుకుంటే రెండు వారాలు దొరుకుతాయి. మావాడి దగ్గర ఏడు సీట్ల డీజిల్ బండి ఉంది. వాడి వాదన ఏమంటే, అనంతపురంలో 44వ నంబర్ హైవే ఎక్కితే అంబాలా దాకా వేరే రోడ్డే అక్కర్లేదు, బండి మనది, సామాను మనది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు అని. ఇంకొకడేమో దేవనహళ్లిలో, అంటే బెంగళూరు ఎయిర్‌పోర్టులో, విమానం ఎక్కి చండీగఢ్‌లో దిగి అక్కడ కారు అద్దెకు తీసుకుందాం అంటాడు. వాట్సాప్ గ్రూపులో ఇదే కొట్లాట.

రూటు ఇట్లా అనుకున్నాం: మనాలిలో రాత్రి పడుకుని, పొద్దున్నే అటల్ టన్నెల్ దాటి, కుంజుం పాస్ (కొండ దాటే కనుమ) మీదుగా సాయంత్రానికి స్పితిలో పెద్ద ఊరైన కాజా. అక్కడే ఉండి కీ గోంపా (బౌద్ధ మఠం), హిక్కిం ఊరు, చంద్రతాల్ చెరువు చూసుకుని, తాబో, కిన్నౌర్ మీదుగా షిమ్లా దిగడం. ముగ్గురికి డ్రైవింగ్ బాగా వచ్చు, శ్రీశైలం ఘాట్, గువ్వలచెరువు ఘాట్ రాత్రిపూట కూడా నడిపినవాళ్లే. ఒకడికి బీపీ ఉంది, మాత్ర వేసుకుంటాడు. అంత ఎత్తులో వాడికేమైనా ఇబ్బందా? తిండికి ఏం పట్టుకుపోవాలి? పోయొచ్చినవాళ్లు చెప్పండి. నెట్‌లో దొరికినదంతా చదివాను, టెన్షన్ పెరిగిందే తప్ప ఏదీ తేలలేదు.

గుత్తికోట_నీడ:

కారు సంగతి తర్వాత, ముందు ఆ రూటు తిరగేయ్ తమ్ముడూ. మనాలి 2,050 మీటర్లు. అక్కడ పడుకుని లేచి 4,551 మీటర్ల కుంజుం ఎక్కి, దిగి, ఆ రాత్రికి దాదాపు 3,650 మీటర్ల కాజాలో పడుకుంటామంటున్నారు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రాత్రికి ఐదు వందల మీటర్ల కన్నా పెంచొద్దనేది డాక్టర్లు చెప్పే లెక్క, మీరేమో ఒక్కరోజులో పదహారు వందలు పెంచుతున్నారు. మన అనంతపురం ఎత్తు ఎంత, మూడు వందల చిల్లర. మనాలి వైపు నుంచి ఒక్క ఊపులో వచ్చినవాళ్లను కాజా హోటళ్లలో చూశాను, తలకు తువ్వాలు కట్టుకుని, బకెట్ పక్కన పెట్టుకుని పడి ఉంటారు, మర్నాడు గోంపా లేదు గీంపా లేదు.

షిమ్లా వైపు నుంచి ఎక్కండి. షిమ్లా 2,200, కల్పా 2,960. ఈ రెంటికీ మధ్య 230 కిలోమీటర్లు, తెల్లారకముందే బయల్దేరితే సాయంత్రానికి చేరతారు, లేదంటే నార్కండలోనో రాంపూర్‌లోనో ఆగండి. కల్పా తర్వాత అందరూ నాకోలో ఆగమంటారు, నేను ఆగొద్దంటాను. నాకో 3,660 మీటర్లు, అంటే కాజాకు ఏమీ తీసిపోదు, కల్పా నుంచి లేచి అక్కడ పడుకుంటే మళ్లీ ఏడు వందలు పెరిగినట్టే. చెరువు చుట్టూ ఒక తిరుగు తిరిగి, టీ తాగి, తాబో దిగిపోండి. తాబో 3,280. అక్కడ రెండు రాత్రులు పడుకున్నా నష్టం లేదు. ఆ గోంపా 996లో కట్టింది, బయటి నుంచి చూస్తే మట్టిగోడలే, ఇదేనా అనిపిస్తుంది. లోపలికి పోయి కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఓపిగ్గా నిలబడాలి, అప్పుడు నాలుగు గోడల మీదా బొమ్మలు ఒక్కొక్కటే బయటపడతాయి. ఫొటోలు తీయనివ్వరు, అదే మంచిది.

షిమ్లా వైపు నుంచే పొమ్మనడానికి ఇంకో కారణం కూడా ఉంది. కాజాలో ఎవడికైనా ఊపిరాడకపోతే చేయాల్సిన మొదటి పని కిందికి దించడం. మనాలి వైపు దించాలంటే ముందు కుంజుం ఎక్కాలి, అంటే బాగాలేనివాణ్ణి ఇంకో తొమ్మిది వందల మీటర్లు పైకి తీసుకుపోవడం. నేరుగా దిగే దారి తాబో, కిన్నౌర్ వైపే. మీరు వచ్చింది ఆ దారినే అయితే రోడ్డు ఎక్కడ పాడైందో, రాత్రి ఏ ఊళ్లో తలుపు కొట్టొచ్చో తెలిసి ఉంటుంది.

చంద్రతాల్ ఇట్లా పోతే ఆఖర్లో వస్తుంది, అప్పటికి ఒళ్లు అలవాటు పడి ఉంటుంది. చెరువు ఒడ్డున టెంట్ వేయనివ్వరు, క్యాంపులన్నీ కొంచెం దూరంలో ఉంటాయి. సెప్టెంబర్ మంచి నెల. జులై, ఆగస్టులో కిన్నౌర్ వైపు కొండచరియలు విరిగి పడతాయి, 2021 ఆగస్టులో నిగుల్‌సరి దగ్గర ఆర్టీసీ బస్సే మట్టి కింద పడిపోయింది. అక్టోబర్ వచ్చిందంటే కుంజుం మీద మంచు ఎప్పుడు పడుతుందో చెప్పలేం. స్పితి లోయలోకి వాన పెద్దగా రాదు, మేఘాలు మనాలి వైపే కురిసేసి అటు ఉత్త చేతులతో వస్తాయి, పడమటి కనుమలు దాటి మన జిల్లాకు వచ్చినట్టే. అందుకే ఆ బోడి కొండలు చూస్తే మీకు కొత్తగా ఏమీ అనిపించదు, చలి తప్ప.

కర్నూలు_బురుజు:

రూటు గురించి అన్న చెప్పింది వంద శాతం కరెక్ట్. ఇక కారు. నేను సొంత బండిలో పోయొచ్చినవాణ్ణే, ఆ 44వ నంబర్ రోడ్డు మీద నాకు ప్రేమ ఎక్కువ. నాగపూర్ దాటాక పెంచ్ అడవిలో జంతువులు కింద నుంచి పోవడానికి రోడ్డునే పైకి లేపి కట్టారు, అది ఒక్కటి చూడ్డానికైనా పోవచ్చు. కానీ రెండు వారాల సెలవుకు వద్దు. అనంతపురం నుంచి చండీగఢ్ రెండు వేల కిలోమీటర్ల పైమాటే. మనుషుల్లా పడుకుంటూ పోతే పోవడానికి మూడు నాలుగు రోజులు, రావడానికి అన్నే, ఇక కొండల్లో ఉండేది ఎన్నాళ్లు? పైగా తిరుగు ప్రయాణంలో అందరూ అలిసిపోయి ఉంటారు, ఆదిలాబాద్ దాటాక ఇల్లు దగ్గరికొచ్చిందని తొక్కుతారు, నాకు కొండల కన్నా అదే ఎక్కువ భయం.

అద్దెకు తీసుకునేటప్పుడు నంబర్ ప్లేటు చూడండి. డ్రైవర్ లేకుండా అద్దెకిచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అంకెలు ఉండాలి. తెల్ల ప్లేటు సొంత కారును తక్కువకు ఇస్తామనేవాళ్లు దొరుకుతారు, దారిలో ఏమైనా జరిగితే ఇన్సూరెన్స్‌వాడు చేతులెత్తేస్తాడు. రేపెప్పుడైనా లద్దాఖ్ పోవాలనుకుంటే ఇంకో మెలిక ఉంది, బయటి నుంచి తెచ్చిన అద్దె కార్లను అక్కడి ట్యాక్సీవాళ్లు తిరగనివ్వరు. మన ప్రీపెయిడ్ సిమ్ కూడా అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. హిమాచల్‌లో ఆ గొడవ లేదు, కాకపోతే కాజా దాటితే సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఘాట్ నడిపాం అంటున్నారు, సంతోషం. గువ్వలచెరువులో మలుపులుంటాయి గానీ రోడ్డు ఉంటుంది కదప్పా. కుంజుం దిగాక బాతల్ నుంచి గ్రాంఫూ దాకా యాభై కిలోమీటర్ల దగ్గర దగ్గర ఉంటుంది, రోడ్డు పనులు నడుస్తూనే ఉంటాయి, చాలాచోట్ల అది రోడ్డు కాదు, ఏటి గర్భం. అడ్డంగా నాలాలు, అంటే కొండవాగులు, పారుతుంటాయి. పొద్దున చలికి పైన మంచు కరగదు, నీళ్లు తక్కువ. మధ్యాహ్నం ఎండెక్కితే అదే నాలాలో నీళ్లు మోకాలి పైకి వస్తాయి. కాబట్టి పొద్దున్నే దాటేయాలి. నాలా దగ్గర బండి ఆపి ఒకడు దిగి చూడాలి, నీళ్లు ఎక్కడ తెల్లగా నురగ తేలి పారుతున్నాయో అక్కడ కింద రాళ్లున్నట్టు, ఎక్కడ నున్నగా నల్లగా ఉన్నాయో అక్కడ లోతున్నట్టు. తొందరేం లేదు, ముందు ఒక టిప్పరో బస్సో పోయేదాకా ఆగి దాని టైర్లు పోయిన జాడలోనే పోండి. మొదటి గేరు, యాక్సిలరేటర్ మీద కాలు తీయకూడదు, మధ్యలో గేరు మార్చకూడదు. కింద రాయి తగిలి ఠంగుమంటుంది, గుండె ఆగినంత పనవుతుంది, అయినా కాలు తీయొద్దు. ఐదుగురూ కూర్చుంటే బండి కిందికి దిగుతుంది కాబట్టి నడిపేవాడు తప్ప మిగతావాళ్లు ఒడ్డున రాళ్ల మీద నుంచి దాటడం మంచిది. బూట్లు తడుస్తాయి, వేరే జత పెట్టుకోండి.

ఇరుకు రోడ్డులో ఎక్కే బండికే దారి, దిగేవాడే ఆగాలి, అవసరమైతే వెనక్కి పోవాలి. పైన గాలి పలచన కాబట్టి బండి లాగదు, ఇంజిన్ పోయిందని కంగారు పడొద్దు. కాజాలో పెట్రోల్ బంకు ఉంది, ట్యాంకు నింపకుండా అక్కడి నుంచి కదలొద్దు, మళ్లీ మనాలి వైపు దిగేదాకా బంకు దొరకదు. పంక్చర్ కిట్టు, గాలి పంపు, నిజంగా గాలి ఉన్న స్టెప్నీ. చీకటి పడ్డాక నడపడం అనే మాటే వద్దు.

ఆదోని_పత్తి:

ఇంత తలనొప్పి ఎందుకు, కల్పా కిందున్న రికాంగ్ పియో నుంచి కాజాకు రోజూ పొద్దున్నే గవర్నమెంటు బస్సు ఉంది, ఎక్కి కూర్చోండి. ఆ డ్రైవర్లు నడిపే రోడ్డు అది. కాజాలో దిగి లోకల్ ట్యాక్సీ మాట్లాడుకుంటే హిక్కిం, కోమిక్, లాంగ్జా ఒక్కరోజులో చూపిస్తాడు. ఐదుగురికి పంచితే ఖర్చు పెద్దదేం కాదు, అందరూ కిటికీలోంచి చూడొచ్చు, స్టీరింగ్ పట్టినవాడికి కొండలు కనపడవు.

ప్రొద్దుటూరు_సిస్టర్:

నేను నర్సుని, మా ఆయన, ఆయన ఫ్రెండ్స్ కుటుంబాలతో కలిసి పోయొచ్చాం. బీపీ ఉన్న తమ్ముడి గురించి చెప్తాను. మాత్రతో కంట్రోల్‌లో ఉంటే చాలామంది బాగానే తిరిగొస్తారు, కానీ ఎత్తుకు పోతే బీపీ కొంచెం పెరుగుతుంది, కాబట్టి పోయేముందు డాక్టర్‌కి చూపించి ఫలానా ఎత్తులో పడుకుంటున్నాం అని మీటర్లతో సహా చెప్పాలి. ఊరికే కొండలకు పోతున్నా అంటే ఆయన ఊటీ అనుకుంటాడు. డయామాక్స్ అని ఒక మాత్ర అందరూ చెప్తుంటారు. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు, కానీ సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా వేసుకోకూడదు. దాంతో మూత్రం ఎక్కువ అవుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మీవాడి బీపీ మాత్రలో మూత్రం ఎక్కువయ్యే మందు ముందే ఉందేమో అది కూడా అడగాలి.

తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మామూలే, ఆ రోజుకు పైకి ఎక్కకుండా ఆగితే తగ్గుతుంది. కూర్చున్నా ఆయాసం, తాగినవాడిలా తూలుతూ నడవడం, మాట తేడాగా రావడం కనిపిస్తే పొద్దున దాకా చూద్దాం అనుకోవద్దు, వెంటనే దించాలి. చిన్న ఆక్సిజన్ డబ్బాలు అమ్ముతారు, అవి కొన్ని నిమిషాలకే అయిపోతాయి, దాన్ని నమ్ముకుని పైనే ఉండిపోతారు, అదే ప్రమాదం. మొదటి రెండు మూడు రాత్రులు మందు పార్టీ వద్దు. ఐదుగురు మగపిల్లలు అన్నారు కాబట్టి చెప్తున్నా, కోపం తెచ్చుకోవద్దు.

తిండికి నిప్పట్లు, చెనిక్కాయల పొడి, చింతకాయ తొక్కు, అటుకులు. పొడి మాత్రం సీల్ చేసిన ప్లాస్టిక్ ప్యాకెట్‌లో వద్దు. పైకి పోయేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి ప్యాకెట్ ఉబ్బుతుంది, మాది నాకో దగ్గర బ్యాగులోనే పగిలింది, స్వెటర్లన్నీ వెల్లుల్లి కారం వాసన, తిరిగొచ్చేదాకా అదే కట్టుకుని తిరిగాం. స్టీల్ డబ్బాలో పెట్టుకోండి. స్టవ్ తీసుకుపోయి వండుకుందాం అనుకుంటే కుక్కర్ ఉండాల్సిందే, కాజాలో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, గిన్నెలో పప్పు ఎంత ఉడకబెట్టినా పలుకులే. నీళ్లు బాగా తాగండి, చలికి దాహం తెలీదు.

ధర్మవరం_జరీ:

అన్నలకు, అక్కకు చాలా థాంక్స్. గ్రూపులో అన్నీ పెట్టాను. షిమ్లా వైపు నుంచి పోవడం ఖాయం, తాబోలో రెండు రాత్రులు. బీపీ వాడు రేపే డాక్టర్ దగ్గరికి పోతానన్నాడు. బండి ఉన్నోడే ఇంకా దిగిరాలేదు. మాలో బెంగళూరులో ఉండేవాడు మధ్యేమార్గంగా, బండి ఉన్నోడికి సెలవు ఎక్కువ ఉంది కదా, వాడూ ఇంకొకడూ బండి తెస్తే మిగతావాళ్లం విమానంలో వచ్చి చండీగఢ్‌లో కలుస్తాం అన్నాడు. దానికి మావాడు, నేనేమన్నా మీకు డ్రైవర్‌నా రా, అని గ్రూపులోంచి ఎగ్జిట్ అయ్యాడు. సాయంత్రం మళ్లీ యాడ్ చేశాం. అద్దె బండే తీసుకుంటాం లెండి, మొదటి రోజు స్టీరింగ్ వాడికే అని ఒప్పుకున్నాక కొంచెం చల్లబడ్డాడు. డబ్బు ఎట్లా, అక్కడ ఫోన్‌పే పనిచేస్తుందా?

గుత్తికోట_నీడ:

కాజాలో సిగ్నల్ ఉన్నప్పుడు పనిచేస్తుంది, కరెంటు పోతే సిగ్నల్ పోతుంది. ఏటీఎం ఉంది గానీ దాంట్లో డబ్బు ఉన్నరోజు మీ అదృష్టం. రికాంగ్ పియోలోనే నోట్లు తీసుకుని ఇద్దరి దగ్గర పెట్టుకోండి, అందరిదీ ఒకడి జేబులో వద్దు. చిల్లర, అంటే వందలూ రెండొందలూ ఎక్కువ ఉండేటట్టు చూసుకోండి, చంద్రతాల్ క్యాంపులోనూ బాతల్ ధాబాలోనూ ఐదొందల నోటు ఇస్తే తిరిగి ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఉండదు. సుమ్‌దో చెక్‌పోస్టులో ఆధార్ అడుగుతారు, ఒరిజినల్ పెట్టుకోండి. ఆ బండి ఉన్నోడికి మొదటి రోజు కాదు, చివరి రోజు ఇవ్వండి స్టీరింగ్. మొదటి రోజు షిమ్లా ట్రాఫిక్కే.