ట్రైలర్ మీద లాక్కెళ్ళే తెరచాప పడవ: కేబిన్ ఉన్నదా, లేనిదా?

వేళచ్చేరి_కొత్తనావికుడు:
చెన్నైలో మా అపార్టుమెంటులో కారుకే జాగా చాలదు. పడవని పొన్నేరిలో మావయ్యగారి స్థలంలో పెడతాను, పులికాట్ సరస్సు అక్కడికి దగ్గరే. నేను, మా ఆవిడ, పాప. లాగడానికి బొలెరో ఉంది. వెస్ట్ వైట్ పాటర్ లాంటి 15 అడుగుల కేబిన్ పడవ మీద మనసుపడ్డాను. తెలిసినాయన కేబిన్ లేని వేఫేరర్ కొనమంటున్నాడు. ఏది మేలు?

రాయపురం_పెద్దాయన:
తమ్ముడూ, పాటర్ ఇంగ్లండు చలికీ వానకీ పుట్టిన పడవ. మన మే నెల మధ్యాహ్నం ఆ ఫైబర్ గదిలో కూర్చుంటే ఇడ్లీపాత్రలో కూర్చున్నట్టే. కేబిన్ లేనిది సముద్రానికి ఆగదంటారా? 1957లో ఇయాన్ ప్రాక్టర్ గీసిన వేఫేరర్‌కి పైకప్పు లేదు. 1963లో ఫ్రాంక్ డై అందులోనే స్కాట్లండ్ నుంచి ఐస్‌లాండ్ వెళ్ళాడు. నిన్ను వెళ్ళమనడం లేదులే.

అసలు చూడాల్సింది పడవ అడుగు. పులికాట్ చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు. పడవ పక్కకి జారకుండా అడుగు నుంచి నీళ్ళలోకి దించే పలక ఒకటి ఉంటుంది, అందులో రెండు రకాలు. సెంటర్‌బోర్డు ఒక బోల్టు మీద తిరుగుతుంది, ఇసుక తగిలితే వెనక్కి లేస్తుంది. డాగర్‌బోర్డు నిలువునా దిగేది. తగిలిందా, పడవ అక్కడే ఆగుతుంది, దాన్ని పట్టుకున్న పెట్టె పగిలినా పగులుతుంది. వేఫేరర్‌లో సెంటర్‌బోర్డే కాబట్టి ఆ భయం లేదు, 15 అడుగుల పాటర్‌లో మాత్రం డాగర్‌బోర్డు. సెకండ్‌హ్యాండులో వేరేది కంటపడితే ముందు ఇదే అడుగు. చుక్కాని బ్లేడు కూడా లేచేదై ఉండాలి. బోర్డు ఎంత ఎత్తితే పడవ అంత పక్కకి జారుతుంది, గాలికి ఎదురెక్కదు. మధ్యాహ్నం సముద్రపు గాలి ముదిరాక ఆ సంగతి బాగా తెలుస్తుంది, అందుకే తెరచాప కుదించే తాళ్ళున్నాయో లేదో చూసుకో. వేఫేరర్ తిరగబడగలదు, మళ్ళీ నిలబెట్టడం ముందే నేర్చుకో. ఫ్లెమింగోలు దిగేవైపు అభయారణ్యం, అటవీశాఖని అడక్కుండా పోకు.

అంబత్తూరు_ట్రైలర్లు:
హైవే మీద వేడెక్కిన చక్రాలని వెంటనే ఉప్పునీళ్ళలో దించకండి. హబ్బులో గాలి చల్లబడి ముడుచుకుంటే సీలు దాటి నీళ్ళు లోపలికి వస్తాయి, బేరింగులు తుప్పుపడతాయి. టీ తాగొచ్చి దించండి, తర్వాత మంచినీళ్ళతో కడగండి. ఇక మాస్టు (తెరచాప కట్టే స్తంభం) ఎత్తేముందు తలెత్తి కరెంటు తీగలు చూడండి. అది అల్యూమినియం.

తిరువాన్మియూరు_లత:
బాబాయ్‌గారూ, తడిసిన పిల్ల బట్టలు ఎక్కడ మార్చుకోవాలి? మీ మగవాళ్ళకి ఆ ఆలోచనే రాదు.

రాయపురం_పెద్దాయన:
నిజమే తల్లీ. లంగరేశాక బూమ్ మీద, అంటే తెరచాప కింది అంచున ఉండే అడ్డ కర్ర మీద, టార్పాలిన్ కప్పితే డేరా అవుతుంది. నడుస్తుండగా మాత్రం కుదరదు. అక్కడ పాటర్‌దే పైచేయి, ఒప్పుకుంటాను.

వేళచ్చేరి_కొత్తనావికుడు:
మా ఆవిడ ఇది చదివి లతగారి పక్షం చేరింది. మావయ్యగారి గేటు కూడా చిన్నది. వేఫేరర్ వెడల్పెంత?

రాయపురం_పెద్దాయన:
1.85 మీటర్లు, అంటే 6 అడుగుల పైన. పాటర్ ఐదున్నరే. ట్రైలర్ చక్రాలు ఇంకా బయటికి రావొచ్చు. గేటు టేపుతో కొలిచి చెప్పు, తర్వాత మాట్లాడదాం.