చిన్న చేపల పడవ: బల్లపరుపు అడుగా, వి ఆకారపు అడుగా?

గాలం_పట్టినవాడు:
ఒక్క పడవే కొనగలను, దానితోనే అన్ని పనులూ జరగాలి. ఎక్కువగా పెద్ద జలాశయంలో తిరుగుతాను, అప్పుడప్పుడు లోతు తక్కువ ఏట్లోకి వెళ్తాను. ఏడాదికి రెండు మూడు సార్లు నది సముద్రంలో కలిసేచోటికి కూడా. మామూలుగా ఇద్దరం, ఒక్కోసారి ముగ్గురం. పొడవు 14 నుంచి 16 అడుగులు అనుకుంటున్నాను. పడవ అడుగుభాగం ఏ ఆకారంలో ఉండాలన్నదే తేలడం లేదు. వాడినవాళ్లు చెప్పండి.

లంగరు:
తొమ్మిదేళ్లు బల్లపరుపు అడుగు పడవ నడిపాను. లోతు తక్కువ నీళ్లలో దానికి సాటి లేదు. అర అడుగు నీళ్లున్నా తేలుతుంది, నిలబడి గాలం విసిరినా ఊగదు, చిన్న మోటారు చాలు. ఇక రెండో ముఖం చెబుతాను. ఒకరోజు పొద్దున నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు అవతలి గట్టుకు వెళ్లాం. మధ్యాహ్నం గాలి లేచింది. మోకాలెత్తు అలలే, కానీ ఒక్కొక్కటీ అడుగున చెంపదెబ్బలా తగిలింది. గాలాల పెట్టె మూత ఊడి, కొక్కేలన్నీ పడవంతా చిందాయి. ఇద్దరమూ అప్పటికే చెప్పులు విప్పి కూర్చున్నాం. గట్టు చేరేదాకా కాళ్లు బల్లమీదనుంచి దించలేదు.

చుక్కాని:
అందుకే పొద్దుటి ప్రయాణాన్ని చూసి పడవ కొనకూడదు, తిరుగు ప్రయాణాన్ని చూసి కొనాలి. వి ఆకారం అలను కోసుకుంటూ పోతుంది, బల్లపరుపు అడుగు అల మీద పడుతుంది. తేడా అంతే. ముక్కు దగ్గర ప్రతి పడవా పదునుగానే కనిపిస్తుంది, అది చూసి మోసపోవద్దు. మోటారు బిగించే వెనుక పలక దగ్గర అడుగు ఎంత ఏటవాలుగా ఉందో అడగండి. 20 డిగ్రీలు దాటితే లోతైన వి, 12 నుంచి 18 వరకు మధ్యరకం.

లోతైన వి గొప్పతనం అందరికీ తెలిసింది 1960లో అమెరికాలోని మయామీ నుంచి బహామాస్‌లోని నస్సావ్‌కు జరిగిన మోటారు పడవల పోటీలో. పడవల రూపకర్త రేమండ్ హంట్ గీసిన అడుగుభాగంతో ఉన్న 31 అడుగుల పడవ పెద్ద అలల్లో అందరికన్నా ముందు చేరింది. కానీ అది 31 అడుగుల సముద్రపు పడవ. అదే కోణం 14 అడుగుల ఇరుకు పడవకు పెడితే ఆగినప్పుడల్లా ఉయ్యాలే. పైగా అది నీళ్లలో ఎక్కువ లోతుకు దిగుతుంది, బలమైన మోటారు అడుగుతుంది. మీ ఏట్లో నేలకు తగిలి నిలిచిపోతుంది.

తెడ్డు:
ఆ ఉయ్యాల గురించి ఒక మాట. ఊగే పడవ ప్రమాదమనీ ఊగనిది క్షేమమనీ అనుకోవద్దు. బల్లపరుపుది మొదట్లో కదలదు. ఇద్దరూ ఒకే అంచు మీద వాలి చేపను పైకి లాగేటప్పుడు, ఒక హద్దు దాటాక ఒక్కసారిగా ఒరుగుతుంది, ముందుగా హెచ్చరించదు. వి ఆకారానిది ఆదిలోనే కాస్త ఒరిగి, ఆ తర్వాత బిగుసుకుంటుంది. నాది మధ్యరకం వి. పక్క అంచుల దగ్గర అడుగు కిందికి మడిచి ఉంటుంది, నీటి తుంపర బయటికే పోతుంది. ఆ మడత లేని పాత పడవలో ఎండాకాలంలోనూ తడిసి ఇంటికి చేరేవాణ్ణి.

గాలం_పట్టినవాడు:
మధ్యలో ఒకటి, పక్కల రెండు ముక్కులుండే మూడు ముక్కుల అడుగు మాటేమిటి? రెండు అడుగుభాగాలు పక్కపక్కన ఉండే జంట పడవల (కాటమరాన్‌ల) సంగతి?

ఉప్పుగాలి:
మూడు ముక్కులది ఆగి ఉన్నప్పుడు గచ్చు మీద నిలబడ్డట్టే ఉంటుంది. 1958లో వచ్చిన బోస్టన్ వేలర్ అనే 13 అడుగుల అమెరికా పడవ ఆ కోవదే. 1961లో దాన్ని మధ్యకు రంపంతో కోసి, సగం పడవ మీదే మోటారుతో నడిపి చూపించారు. పడవ గోడల మధ్య నింపిన గట్టి నురుగు (ఫోమ్) చేసిన పని అది. మునగకపోవడానికి అడుగు ఆకారంతో సంబంధం లేదు. ఏ పడవ కొన్నా నురుగు ఉందా అని అడగండి. అలల్లో మాత్రం ఆ పక్క ముక్కులు గట్టిగా కొడతాయి.

జంట అడుగుల పడవ మెత్తగా పోతుంది. కానీ బరువెక్కువైతే రెండింటినీ కలిపే పలక కింద నీళ్లు డప్పు వాయిస్తాయి. మీ కొలతకు వద్దంటాను. (కాటమరాన్ అనే మాట తమిళ కట్టుమరం నుంచి వచ్చింది. దుంగలు కట్టిన తెప్ప అది, రెండు అడుగుభాగాలూ లేవు, ముక్కులూ లేవు. పేరు ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో చూడండి.)

లంగరు:
అడుగును తిట్టే ముందు బరువు ఎక్కడుందో చూసుకోవాలి. ఇంధనం డబ్బా, బ్యాటరీ, నడిపే మనిషి, అన్నీ వెనకే ఉంటే ముక్కు ఆకాశం చూస్తుంది. అప్పుడు ముందున్న పదునైన భాగం నీటిని తాకనే తాకదు. నేను బ్యాటరీని ముందుకు జరిపాను, సగం దెబ్బలు తగ్గాయి.

మనుషుల లెక్కకు అమెరికా తీర రక్షక దళం వారి సూత్రం ఉంది. పొడవును వెడల్పుతో హెచ్చించి 15తో భాగించాలి, రెండూ అడుగుల్లో. 14 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పుకు నలుగురు వస్తారు. అది నీళ్లు నెమ్మదిగా ఉన్నప్పటి లెక్క. సామాను, వలబుట్ట, మంచుపెట్టె కలిస్తే నేను ఇద్దరినే ఎక్కిస్తాను.

తెడ్డు:
అల్యూమినియం తేలిక, లాగుకుపోవడం సులువు. ఆ తేలికే గాలికి లోకువ కూడా. చేపలున్నచోట ఆపుదామనుకుంటే ఎండుటాకులా కొట్టుకుపోతుంది. మంచి లంగరు కొనడానికి చేయి బిగబట్టకండి.

గాలం_పట్టినవాడు:
అందరికీ కృతజ్ఞతలు. 15 అడుగులది, వెనుక 14 డిగ్రీలున్నది ఒకటి చూశాను. ఏట్లో నాలుగు చోట్ల దిగి తోయాల్సి వస్తుందేమో, దానికి సిద్ధపడ్డాను. నడిపి చూడటానికి అమ్మేవాడు పొద్దున్నే రమ్మన్నాడు. మధ్యాహ్నం మూడింటికి వస్తానన్నాను. నచ్చినట్టు లేదు.

చుక్కాని:
ముగ్గురు వెళ్లండి. వేగంగా పోతూ ఒక్కసారిగా మోటారు తగ్గించి వెనక్కి చూడండి. వెంటపడి వచ్చిన అల వెనుక పలక దాటి లోపలికి వచ్చిందంటే అక్కడే దిగిపోండి.