అనంతపురంలో చిన్న ఫౌండ్రీకి వాయు కాలుష్య అనుమతి ఎప్పుడు తీసుకోవాలి?

ప్రశ్న (అనంతపురం):
పట్టణ శివార్లలో బోరు పంపుల ఇనుప భాగాలను పోతపోసే ఫౌండ్రీ పెట్టదలిచాను. గంటకు 2 టన్నులు కరిగించే పాత క్యూపోలా కొలిమి చవకగా దొరుకుతున్నది. షెడ్డు కట్టిన తరువాత అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చునా?

జవాబు (కర్నూలు):
అలా చేయకండి. 1981 నాటి వాయు కాలుష్య చట్టంలోని 21వ సెక్షను ప్రకారం, నిర్మాణం మొదలుపెట్టక మునుపే కాలుష్య నియంత్రణ మండలి నుంచి సీఎఫ్‌ఈ అనే స్థాపన అనుమతిని, ఉత్పత్తికి ముందు సీఎఫ్‌వో అనే నిర్వహణ అనుమతిని పొందాలి. మేము తొందరపడి ముందే షెడ్డు కట్టి, పొగగొట్టానికి చోటు చాలక ఒక గోడను పడగొట్టవలసి వచ్చింది.

జవాబు (కడప):
కొలిమి ఎంపికే ఇందులో ముఖ్యమండీ. గంటకు 3 టన్నులలోపు క్యూపోలా వదిలే పొగలో ఘనపు మీటరుకు దుమ్ము 450 మిల్లీగ్రాములు మించరాదు. కరెంటుతో ఇనుమును కరిగించే ఇండక్షన్ కొలిమికి ఆ పరిమితి 150. ఈ అంకెలు చూసి క్యూపోలాయే సులువని అనుకోవద్దు. అది కోక్ బొగ్గుతో మండుతుంది కనుక సల్ఫర్ డయాక్సైడ్‌కు వేరే పరిమితి ఉంటుంది, పైగా పొగగొట్టం ఎత్తు క్యూపోలా వ్యాసానికి కనీసం 6 రెట్లు ఉండాలి. శివార్లలోని పిల్లలు పీల్చేది ఆ గాలినే కాబట్టి, ఖర్చు ఎక్కువైనా ఇండక్షన్ కొలిమినే పెట్టమని నా మనవి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండీ. పాత కొలిమికి బయానా ఇవ్వకుండా ఆపాను.