కష్టాలు పడ్డవాళ్లకి లోకం చెడ్డదిగానే కనిపిస్తుందా?

వానకోయిల: మా బంధువుల్లో ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి చిన్నప్పుడే పోయాడు, ఇంటి మీద అప్పులు, ఇద్దరూ ఆ ఇంటివాళ్లే. ఇప్పుడు పెద్దాయన ఎవర్నీ నమ్మడు, ఎవరైనా మంచిగా మాట్లాడితే వీడికి నా దగ్గర ఏం కావాలో అనుకుంటాడు. చిన్నాయనేమో ముక్కూ మొహం తెలియనివాళ్లకి కూడా జేబులోంచి తీసిచ్చేస్తాడు. కష్టాలే మనిషి నమ్మకాల్ని మార్చేస్తాయంటారు కదా, మరి వీళ్లిద్దరూ ఇలా ఎందుకయ్యారు? సైకాలజీ తెలిసినవాళ్లు చెప్పండి, ఓదార్పు మాటలు వద్దు.

పాతకాపు: దీని మీద రోనీ జానాఫ్-బుల్మన్ అనే సైకాలజిస్టు 1992లో ఒక సిద్ధాంతం వివరంగా రాశారు. లోకం మంచిది, జరిగేదానికి ఒక అర్థం ఉంటుంది, నేను మంచివాణ్ని: ఈ మూడూ మనం పైకి అనుకోకుండానే నమ్ముతూ బతుకుతాం, పెద్ద దెబ్బ తగిలితే ఇవే కూలిపోతాయి అని. ‘నాకే ఎందుకిలా’ అనే ప్రశ్న అక్కడినుంచే వస్తుంది. పెద్దాయనకి జరిగింది ఇదే అయ్యుండొచ్చు.

గళ్ళచొక్కా: చదవడానికి బాగుంటుంది గానీ అంత సూటిగా లేదండీ. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జెరెమీ క్లిఫ్టన్ బృందం 2019లో లోకం గురించి మనుషులకుండే 26 మూల నమ్మకాల్ని కొలిచే పద్ధతి తెచ్చింది. తర్వాత చూస్తే డబ్బు, ఆరోగ్యం, ఉండే చోటు ఎంత భద్రం అనేవాటికీ ఈ నమ్మకాలకీ ఉన్న సంబంధం జనం ఊహించినదానికన్నా చాలా తక్కువని తేలింది. సుఖంగా బతికి లోకమంతా దొంగలే అనేవాళ్లు మనకి తెలియరా? అయితే ఇవి చాలావరకు వేర్వేరు మనుషుల్ని ఒకే సమయంలో కొలిచి పోల్చినవి, ఫలానా మనిషి దెబ్బ తిన్నాక మారలేదని వీటినిబట్టి అనలేం.

నీలిగోడ: నేను పడ్డదాన్నిబట్టి చెప్తాను. కష్టం కంటే ఆ తర్వాత చుట్టూ ఉన్నవాళ్లు చేసిందే ఎక్కువ గుర్తుండిపోతుంది. నా విషయంలో చాలామంది ‘ఏదో చేసే ఉంటుంది, ఊరికే జరగదు కదా’ అన్నారు. లోకంలో న్యాయం ఉందని నమ్మేవాళ్లు ఆ నమ్మకం పోకుండా ఉండటానికి బాధపడేవాళ్ల మీదే తప్పు వేస్తారని మెల్విన్ లెర్నర్ అనే సైకాలజిస్టు 1960ల్లోనే ప్రయోగాలు చేసి చూపించారట, చదివినప్పుడు ఒళ్లు మండింది. ఆ టైంలో ఒక్కరు పక్కన నిలబడినా వేరేలా ఉండేది. ఇక ‘కష్టాలు నిన్ను రాటుదేల్చాయి’ అనేవాళ్లని మాత్రం భరించలేను. వానకోయిల గారూ, ఆ ఇంట్లో అప్పులవాళ్లకి సమాధానం చెప్పుకున్నది ఎవరు?

వానకోయిల: పెద్దాయనేనండీ. చిన్నాయన్ని మేనత్త తీసుకెళ్లి చదివించింది. కానీ తండ్రి ఉన్నప్పుడు కూడా పెద్దవాడు అనుమానం మనిషేనని మా అమ్మ అంటుంది, అందుకే గళ్ళచొక్కా గారి మాటా కొట్టిపారేయలేకపోతున్నా.