సర్కారు సొమ్ము ఇరుక్కున్న ఆర్బిట్రేషన్‌లో గుట్టు దేనికి?

గోదారిగట్టు:
ప్రభుత్వం ఒక పక్షంగా ఉన్న అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌ను, అంటే కోర్టు బయట మధ్యవర్తుల ముందు తేల్చుకునే తగాదాను, తలుపులేసుకుని ఎందుకు నడపాలి? నైజీరియా సంగతే చూడండి. 2010లో పీ అండ్ ఐడీ అనే కంపెనీ అక్కడి పెట్రోలియం శాఖతో గ్యాస్ ప్లాంటుకు ఒప్పందం చేసుకుంది. ప్లాంటు కట్టనే లేదు. అయినా 2017లో ట్రిబ్యునల్, అంటే ఆ మధ్యవర్తుల బృందం, కంపెనీకి 660 కోట్ల డాలర్లు ఇమ్మంది, వడ్డీతో అది 1,100 కోట్లు దాటింది. లంచాలు నడిచాయని, నైజీరియా లాయర్ల లోపలి కాగితాలు కంపెనీ దగ్గరే ఉన్నాయని 2023 అక్టోబరులో లండన్ హైకోర్టు తేల్చింది. ఆర్బిట్రేషన్ జరిగినన్నాళ్లూ పత్రికలకు, జనానికి చూసే వీల్లేకపోయిందని ఆ తీర్పిచ్చిన జడ్జి నోల్స్ కూడా అన్నారు.

బల్క్‌డ్రగ్ బాబాయ్:
అందరినీ ఒకే గాటన కట్టకండి. మాది చిన్న ఫార్మా యూనిట్. విదేశీ కొనుగోలుదారుతో సరుకు నాణ్యత మీద పేచీ వచ్చి సింగపూర్‌లో ఆర్బిట్రేషన్‌కు వెళ్లాం. ఏ సాల్వెంట్, ఎంత వేడి, ఎంత దిగుబడి, బ్యాచ్ రికార్డులన్నీ ముందు పెట్టాల్సొచ్చింది. అదే ఓపెన్ కోర్టయితే పక్క షెడ్డువాడికి పండగే.

గోదారిగట్టు:
మీ సాల్వెంట్ జోలికి నేను రాలేదు బాబాయ్ గారూ. నాది ఖజానా గొడవ.

ప్లీడరు గుమాస్తా:
ఇక్కడ రెండు విషయాలున్నాయి. విచారణకు బయటివాళ్లను రానివ్వకపోవడం ఒకటి, అక్కడి కాగితాల సంగతి బయట చెప్పకూడదనడం ఇంకొకటి. 1995లో ఎస్సో, ప్లౌమన్ కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు మొదటిది సహజమే, రెండోది కాదు అంది. అదీ ప్రభుత్వ సంస్థలకు అమ్మే గ్యాస్ ధర తగాదానే, సమాచారం కోరింది మంత్రి. 2000లో స్వీడన్ సుప్రీంకోర్టు కూడా ఒప్పందంలో రాసుకోకపోతే గోప్యత బాధ్యత లేదంది. ఇంగ్లండ్ రాయకపోయినా ఉన్నట్టే అంటుంది గానీ, న్యాయం కోసం అవసరమైతే చెప్పొచ్చని దారి వదిలింది.

మనవాళ్లు 2019లో ఆర్బిట్రేషన్ చట్టంలో గోప్యత పాటించాలంటూ 42ఏ సెక్షన్ తెచ్చారు. అందులో ఉన్న మినహాయింపు ఒక్కటే, అమలు కోసమైతే అవార్డు, అంటే ట్రిబ్యునల్ తీర్పు, బయటపెట్టొచ్చు. మరి అవార్డు కొట్టేయమని సెక్షన్ 34 కింద కోర్టుకెళ్లేవాడు? రాయలేదు. సాక్షులు, నిపుణులు? వాళ్ల ఊసే లేదు. మాట తప్పితే శిక్ష? అదీ లేదు. నాకైతే హడావిడిగా రాసిన సెక్షన్‌లా అనిపిస్తుంది.

చిట్టాపద్దు:
లిస్టెడ్ కంపెనీ ఏం చేయాలి? పెద్ద వివాదాలుంటే స్టాక్ ఎక్స్ఛేంజీకి చెప్పమని సెబీ రూలు. 42ఏ ఏమో వేరే చట్టంలో ఏమున్నా సరే నోరు మూసుకోమంటుంది. కాకినాడ దగ్గరి సముద్రంలో కేజీ డీ6 గ్యాస్ తగాదాలో కేంద్రం రిలయన్స్‌ను 155 కోట్ల డాలర్లు అడిగింది. 2018లో అవార్డు రిలయన్స్‌కు అనుకూలంగా వస్తే ఆ కంపెనీయే ప్రకటించింది. ఏడాది ఆలస్యమై ఉంటే చెప్పొచ్చా, కూడదా అని లాయర్లను పిలిచేవాళ్లేమో.

బల్క్‌డ్రగ్ బాబాయ్:
అంటే మా సింగపూర్ కేసుకు 42ఏ రక్షణ ఉన్నట్టా, లేనట్టా?

ప్లీడరు గుమాస్తా:
లేనట్టే. అది ఇండియా సీటుగా, అంటే చట్టం లెక్కలో ఆర్బిట్రేషన్ జరిగే చోటుగా, ఉన్నవాటికే. మీకు సింగపూర్ చట్టం దిక్కు. 2020 సవరణతో గోప్యత పాటించమని ఆదేశించే అధికారం అక్కడి ట్రిబ్యునల్‌కే స్పష్టంగా ఇచ్చారు. అయినా ఒప్పందంలోనే ఒక క్లాజు రాసుకోండి.

గోదారిగట్టు:
సరే, నా మాట ఇది. సర్కారు పక్షంగా ఉంటే ఎంత అడిగారు, ఎందుకు, అవార్డు ఏమొచ్చింది, ఇవి బయటపెట్టాలి. వ్యాపార రహస్యాలున్న పేరాల మీద నల్లసిరా పూయండి.

బల్క్‌డ్రగ్ బాబాయ్:
సిరా ఎక్కడ పూయాలో తేల్చేదెవరు?

ప్లీడరు గుమాస్తా:
ట్రిబ్యునలే తేల్చొచ్చు. 2019 నుంచి ఐసీసీ, అంటే ఆర్బిట్రేషన్లు నడిపే అంతర్జాతీయ వాణిజ్య మండలి, తన అవార్డులను రెండేళ్లు గడిచాక ప్రచురించే పద్ధతి పెట్టింది. పేర్లు తీసేయమని అడగొచ్చు. ఒక పక్షం వద్దంటే అసలు ప్రచురించరు.

బల్క్‌డ్రగ్ బాబాయ్:
ఒక్కరు వద్దంటే చాలా? మరి ఆ నైజీరియా కాంట్రాక్టు కంపెనీ సరేనని ఊరుకునేదంటారా?