ఎంపీ ఆఫీసులో ఇంటర్న్‌షిప్: మొదటి వారానికి ఏం సిద్ధం చేసుకోవాలి?

కొత్తకొలువు:
వచ్చే సోమవారం ఢిల్లీలో మన లోక్‌సభ ఎంపీ ఒకరి దగ్గర ఇంటర్న్‌గా చేరుతున్నాను. బీఏ పాలిటిక్స్, చివరి సంవత్సరం. ఊరు కొత్త, హిందీ అంతంతమాత్రం. సమావేశాలకు ఇంకా మూడు వారాలుంది. రాగానే ప్రశ్నలు డ్రాఫ్ట్ చేయాల్సి ఉంటుందని పీఏ గారు ముందే చెప్పేశారు. ఏం చూసుకుని వెళ్లాలి? పార్లమెంటు లోపలికి రోజూ వెళ్లనిస్తారా?

ఎర్రసిరా:
మూడు వారాలుందని తీరిగ్గా కూర్చోకండి. ప్రశ్న నోటీసుకు 15 పూర్తి రోజుల గడువుండాలి. ఇచ్చిన రోజూ, జవాబు వచ్చే రోజూ లెక్కలోకి రావు. అంటే 20న జవాబు కావాలంటే 4నాటికి నోటీసు పడాలి. మొదటి రోజు సభకు మీరు చేరిన వారంలోనే గడువు అయిపోతుందన్నమాట. ఏ శాఖకు ఏ రోజు, నోటీసుకు ఆఖరి తేదీ ఎప్పుడు అన్న చార్టును లోక్‌సభ సచివాలయం ముందే ఇస్తుంది. చేరగానే పీఏ గారిని అడిగి అది తీసుకుని గోడకు అంటించుకోండి.

ఒక్కో రోజుకు ఒక సభ్యుడు ఐదు నోటీసులు ఇవ్వొచ్చు. బ్యాలట్‌లో (అంటే లాటరీలో) రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 నక్షత్రం లేనివి జాబితాకెక్కుతాయి. నక్షత్రం ఉన్నవాటికే సభలో నోటిమాటగా జవాబు, అనుబంధ ప్రశ్నలు. అయినా లెక్కలు రాబట్టడానికి నక్షత్రం లేనిదే మేలు, పట్టికలతో సహా రాతపూర్వకంగా చేతికొస్తుంది.

ఇక డ్రాఫ్ట్. కొత్తవాళ్లు రాసేది సాధారణంగా ఇలా ఉంటుంది: 'మా జిల్లా ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు లేక జనం అల్లాడుతుంటే ప్రభుత్వం ఎందుకు నిద్రపోతోంది?' ఇది తిరిగొస్తుంది. వాదన, ఆరోపణ ఉండకూడదు. పైగా ఆరోగ్యం రాష్ట్ర జాబితాలోది, కేంద్రానికి నేరుగా సంబంధం ఉన్న కొస ఒకటి పట్టుకోవాలి. అదే ప్రశ్నను ఇలా అడగొచ్చు: ఎ) జాతీయ ఆరోగ్య మిషన్ కింద గత మూడేళ్లలో రాష్ట్రానికి ఏటా కేటాయించిన, విడుదల చేసిన, ఖర్చయిన మొత్తమెంత, బి) ఆ మిషన్ కింద మంజూరైన డాక్టరు పోస్టులెన్ని, ఖాళీలెన్ని, సి) భర్తీకి కేంద్రం తీసుకున్న చర్యలేమిటి? మొత్తం 150 పదాలు దాటకూడదు.

పంపేముందు సన్సద్ వెబ్‌సైట్‌లో ఆ శాఖ పాత జవాబులు వెతకండి. అదే సమావేశాల్లో జవాబొచ్చేసిన ప్రశ్నను మళ్లీ తీసుకోరు.

నార్త్‌అవెన్యూ:
లోపలికి రోజూ వెళ్లడం కుదరదు, ఆ ఆశ పెట్టుకోకండి. 2023 డిసెంబరు 13న ఇద్దరు సందర్శకుల గ్యాలరీ నుంచి లోక్‌సభలోకి దూకిన ఘటన తర్వాత సందర్శకుల తనిఖీ బాగా బిగించారు. గ్యాలరీ పాస్ దొరికినా ఫోను బయట పెట్టే వెళ్లాలి. మీ పని చాలావరకు ఎంపీ గారి నివాసంలోని ఆఫీసు గదిలోనే, పక్కన సన్సద్ టీవీ పెట్టుకుని.

ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ప్రశ్నలు ఆన్‌లైన్‌లో పంపే ఎంపీ పోర్టల్ పాస్‌వర్డ్, ఓటీపీ మీరు అడగొద్దు, ఎవరైనా ఇచ్చినా వాడొద్దు. డ్రాఫ్ట్ మీది, సబ్మిట్ నొక్కాల్సింది ఆయన. అలాగే స్థాయీ సంఘం (శాఖల పనిని పరిశీలించే ఎంపీల కమిటీ) కాగితాలు టేబుల్ మీద కనిపిస్తే ఫోటో తీయకండి. నివేదిక సభ ముందుకు వచ్చేదాకా అవి గోప్యం.

పొద్దున్నే వచ్చే జనం సంగతి కూడా చెప్పాలి. వెయిటింగ్ టికెట్ ఖరారు కోసం రైల్వే ఎమర్జెన్సీ కోటాకో, వైద్యానికి ప్రధాని సహాయ నిధికో ఎంపీ గారి లేఖ కావాలంటారు. పేరు, పీఎన్‌ఆర్ లేదా ఆసుపత్రి అంచనా కాగితం, ఫోన్ నంబరు రాసుకుని పీఏ గారికి ఇవ్వండి. 'అయిపోతుంది' అన్న మాట మీ నోట రాకూడదు. లేఖ సిఫారసు మాత్రమే. ఎంపీల్యాడ్స్ (నియోజకవర్గ పనులకు ఎంపీల నిధి) కూడా అంతే. ఏడాదికి 5 కోట్లున్నా ఎంపీ పని సూచిస్తారు, మంజూరు జిల్లా యంత్రాంగానిది.

కొత్తకొలువు:
చాలా థ్యాంక్సండీ. సభలో సమస్యలు ఎత్తడానికి 377 నిబంధన కింద ఇచ్చేదీ జీరో అవర్‌దీ ఒకటేనా? ప్రసంగం నోట్ ఎంత పొడవుండాలి?

ఎర్రసిరా:
ఒకటి కాదు. జీరో అవర్ అన్న మాటే నిబంధనల పుస్తకంలో లేదు. లోక్‌సభలో ప్రశ్నోత్తరాల తర్వాత అత్యవసర విషయాలు ఎత్తే సమయమది. 377 నిబంధనకు ముందే పాఠం ఇవ్వాలి, 250 పదాల లోపు, ఆమోదించిన పాఠమే చదవాలి. ఒక సభ్యుడికి వారానికి ఒక్కటే. (రాజ్యసభలో పద్ధతి వేరు, అక్కడ జీరో అవరే ముందు.)

ప్రసంగ సమయం పార్టీ బలాన్ని బట్టి వస్తుంది, చిన్న పార్టీకి నాలుగైదు నిమిషాలు దక్కితే గొప్పే. అందుకని బలమైన పాయింటు మొదటి నిమిషంలోనే పెట్టండి, చివరికి దాస్తే బెల్లు మోగాక పోతుంది. బడ్జెట్ అంకెలైతే బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు ఏ కాలమ్‌లోవో పక్కనే రాయండి. ఒక ఏడాది అంచనాను ఇంకో ఏడాది వాస్తవ ఖర్చుతో పోల్చి 'కోత పెట్టారు' అని రాసిస్తే, మంత్రి లేచి సరిదిద్దేది మిమ్మల్ని కాదు, ఎంపీ గారిని.